ట్రైలర్ వచ్చే రోజు

గేటు గొలుసు కొక్కెం మళ్లీ లోపలివైపుకు తిరిగి ఉంది. సత్యం చేతిలోని దాణా బకెట్‌ను గడ్డిలో దించి, వంగి చూశాడు. తను ఎప్పుడూ బయటివైపుకే తగిలిస్తాడు. మంచుకు తడిసిన గడ్డిలో గేటు నుంచి షెడ్డు దాకా ఎవరో నడిచిన జాడ ముదురు గీతలా కనిపిస్తోంది.

అతను తలెత్తి రోడ్డు వంక చూశాడు. డేల్ ట్రక్కు కనబడలేదు. డేల్ పక్క పొలం వాడు, పుట్టిన దగ్గర్నుంచీ పశువుల మధ్యే బతికినవాడు. సత్యానికి కరెంటు కంచె వేసిపెట్టింది అతనే. ఒంటరిగా పెంచితే పశువు బెంగపెట్టుకుంటుందని చెప్పి, ఒకటికి బదులు రెండు దూడల్ని ఇప్పించిందీ అతనే. ఇవాళ వాటిని ట్రైలర్‌లో తీసుకెళ్లబోతున్నదీ అతనే. ఇంత సాయం ఊరికే ఎవరు చేస్తారు? పోయిన వారం ఆ ట్రక్కు కంచె పక్కన నెమ్మదించి వెళ్లడం సత్యం కిటికీలోంచి చూశాడు.

అనుమానించడం అతని వృత్తి. ఈ దేశం వచ్చాక ఇరవై ఏళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేశాడు. ఇంకొకరు రాసినదాంట్లో తప్పెక్కడుందో వెతకడమే పని. యాభై దాటాక ఒక శుక్రవారం, చిన్న వీడియో కాల్‌లో ఆ ఉద్యోగం పోయింది. అంతకు ముందురోజే మేనేజర్ అతని పని మెచ్చుకుంది. ఇప్పుడు ఆష్‌బర్న్‌లో ఒక డేటా సెంటర్ గేటు దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ల ముఖాన్నీ బ్యాడ్జ్ మీది ఫొటోనూ పోల్చి చూస్తాడు. టౌన్‌హౌస్ అమ్మేసి గంట దూరంలో ఈ ఐదెకరాలు కొన్నప్పుడు, నేల ఎవరినీ లేఆఫ్ చేయదని భార్యతో అన్నాడు.

గడ్డి ఉంది కాబట్టి పశువులు. పాడికైతే రెండు పూటలా ఇంట్లో మనిషుండాలి. మాంసానికైతే దూడల్ని తెచ్చి, మేపి, ఎదిగాక పంపేయవచ్చని కౌంటీ వ్యవసాయ శాఖవాళ్లు కొత్తవాళ్లకు పెట్టిన క్లాసులో చెప్పారు. ఆ క్లాసులో అందరూ అతన్ని చూసి నవ్వారు. అది పలకరింపో వేళాకోళమో అతనికి ఇప్పటికీ తేలలేదు. గుడిలో కలిసిన కృష్ణమోహన్‌కు మాత్రం ఆవులని చెప్పాడు. పాలెన్ని ఇస్తున్నాయని అతను అడిగితే, ఇంకా చిన్నవని మాట మార్చాడు. నిజానికి అవి విత్తులు తీసిన కోడెలు.

ఎర్రది తిండిపోతు. బకెట్ చప్పుడైతే చాలు, పరుగెత్తుకొచ్చి మూతి పెట్టింది. నల్లది అలా కాదు. వచ్చిన నాటి నుంచి మనిషి కంచె దాటేదాకా దాణా ముట్టేది కాదు. ఈ ఐదెకరాల్లో బుద్ధున్న ప్రాణి అదొక్కటేనని సత్యం అనుకునేవాడు. కానీ ఈమధ్య అది మారింది. ఇవాళ కూడా గేటు చప్పుడు వినగానే చెవులు నిక్కించి నాలుగడుగులు ముందుకొచ్చింది. అతని చేయి వాసన చూసింది. తను ఎదురుచూసిన మనిషి కాదన్నట్టు తల తిప్పుకుంది.

ఇంట్లోకి వచ్చేసరికి శ్రీవిద్య కాఫీ కలుపుతోంది.

"ట్రైలర్ ఎన్నింటికి?" అంది అతనివైపు చూడకుండానే.

"టెన్‌కి అన్నాడు. విద్యా, గేటు ఎవరో ఓపెన్ చేస్తున్నారు. నాకా డేల్ మీదే డౌట్."

"ఆయనకేం పని?"

"నల్లదాన్ని మచ్చిక చేస్తున్నాడు. తోలుకుపోడానికి."

"ఇవాళ ఎలాగూ ఆయనే తీసుకెళ్తున్నాడు కదండీ."

దూడలు దిగిన రోజునే ఆమె, ఆ షెడ్డులో తను అడుగుపెట్టనని తేల్చి చెప్పింది. ఆ తర్వాత వాటి ఊసెత్తలేదు. కబేళాలో జరిగేదానికి వాడే ‘ప్రాసెసింగ్’ అన్న మాటను ఇద్దరూ ఇంగ్లీషులోనే ఉంచేశారు.

డేల్ చెప్పిన వేళకే వచ్చాడు. వెనక్కి నడుపుతూ ట్రైలర్‌ను గేటుకు ఆనించి, తలుపు తెరిచాడు. ఎర్రది బకెట్ వెంట నేరుగా ఎక్కేసింది. నల్లది ఇనుప పలక మీద ఒక గిట్ట పెట్టి, ఆ చప్పుడుకు బెదిరి వెనక్కి దూకింది. సత్యం చేతులు చాచి అడ్డం వెళ్లాడు. అది కంచెను రాసుకుంటూ అవతలి మూలకు పరిగెత్తింది. మళ్లీ తోలుకొచ్చారు. మళ్లీ తప్పించుకుంది. మూడోసారి దాని నోటి నుంచి నురగ కారుతోంది, డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. డేల్ నిట్టూర్చి ట్రక్కులోంచి పశువుల్ని అదిలించే కరెంటు కర్ర తీశాడు. తనకూ ఇది ఇష్టం లేదని, కానీ ఇలా బెదిరిన పశువు కాళ్లు విరగ్గొట్టుకుంటుందని అన్నాడు.

"నో. డోంట్."

శ్రీవిద్య వరండా మెట్లు దిగి వస్తోంది. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే బురదలోకి నడిచింది. ఇద్దరినీ పక్కకు జరగమని చేత్తో సైగ చేసింది. నల్లదాని దగ్గరికి పోలేదు. కాస్త దూరంలో నిలబడి, "రా నాన్నా" అంది.

అది తలెత్తింది. వచ్చి ఆమె భుజానికి మూతి ఆనించింది. ఆమె దాని గంగడోలు నిమురుతూ, ఏదో చెబుతూ నడిచింది. ఆమె ట్రైలర్ ఎక్కితే వెనకే ఎక్కింది. ఇనుము చప్పుడు చేసినా ఆగలేదు. ఆమె పక్క తలుపులోంచి దిగాక డేల్ పెద్ద తలుపు మూశాడు. కర్రను ట్రక్కులో పడేసి, టోపీ తీసి ఆమెవైపు చూసి తలవంచాడు. ఆమె చూడలేదు.

సత్యానికి డేల్ ముఖంలోకి చూడాలంటే సిగ్గేసింది. ట్రక్కు కదిలింది. నల్లది లోపలి నుంచి ఒక్కసారి అరిచింది. ట్రక్కు రోడ్డు మలుపు తిరిగేదాకా ఇద్దరూ అలాగే నిలబడ్డారు.

"ఎప్పట్నించి?" అన్నాడతను.

"ఎండాకాలం నుంచి. మీరు డ్యూటీకి వెళ్లాక కొన్నిసార్లు, లేవకముందు కొన్నిసార్లు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఎందుకెళ్లావంటారు. ఏం చెప్పినా ఇంకేదో ఉందనుకుంటారు." చెప్పుల బురదను గడ్డికి రాసింది. "ఊరికే వెళ్లానండీ. అది నన్నేమీ అడగలేదు."

ఆమె తన చేతులు చూసుకుంది. "నేను పిలిస్తే వచ్చింది. నేను పిలవబట్టే ఎక్కింది."

సత్యం ఆమె భుజం మీద చేయి వేయబోయాడు. ఆమె అప్పటికే ఇంటివైపు నడుస్తోంది. లోపల సింకులో నీళ్ల చప్పుడు మొదలై, చాలాసేపటి దాకా ఆగలేదు.

అతను షెడ్డులోకి వెళ్లాడు. మధ్యగుంజకు, అతని కన్ను ఎప్పుడూ పడని వెనకవైపున, చిన్న మేకు కొట్టి ఉంది. దానికి శ్రీవిద్య పాత హెయిర్ బ్రష్ వేలాడుతోంది. దాని పళ్ల నిండా, పొడుగాటి నెరిసిన వెంట్రుకలతో చిక్కుపడి, పొట్టి నల్లటి బొచ్చు.