పార్టీ పెట్టిన శ్రీమంతం

“ఆదివారం నీ శ్రీమంతం. ఖాయం చేసేశాం,” అన్నాడు వీరబాబు, పెరటి గుమ్మంలో నిలబడి. సత్యశ్రీ రొయ్యలు ఒలుస్తోంది. ఆమె కడుపు ఖాళీ అయి అప్పటికి నెల దాటింది.

చేతిలో రొయ్య చేతిలోనే ఉండిపోయింది. తాగొచ్చాడేమోనని మొగుడి మొహంలోకి చూసింది. తాగలేదు. ఏదో పెద్ద పని చక్కబెట్టుకొచ్చిన మగాడి కులాసా ఉంది ఆ మొహంలో.

“ఎవరి శ్రీమంతం?”

“నీదేనే. మెట్టకూరు ఊరంతా నీకు నెలలనే అనుకుంటంది. పోయిందని ఎవరికి తెల్సు? నీకు, నాకు, అమ్మకి. ఇంకా అంటే కాకినాడ డాక్టరమ్మకి. ఆవిడ ఓటు ఇక్కడ లేదుగా.”

తన మాటకి తనే నవ్వుకున్నాడు. తర్వాత పీట లాక్కుని కూర్చుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. అభ్యర్థి మీటింగు పెడితే వేసిన షామియానా, కుర్చీ, మైకు, పెట్టిన భోజనం అన్నీ ఆయన ఖర్చులో రాస్తారు. ఆ ఖర్చుకి హద్దుంది. ఎన్నికల ఆఫీసువాళ్ళ దగ్గర ఒక రేట్ల పట్టిక ఉంటుంది, టీకి ఇంత, డప్పుకి ఇంత అని.

“పార్టీకి హద్దు లేదని మొన్న మీరే అన్నారుగా. పార్టీనే పెట్టుకోమనండి భోజనాలు,” అంది సత్యశ్రీ.

“భోజనాలొక్కటే అయితే ఏదోటి చేసేవోళ్ళం. చీరలున్నాయే! మీటింగులో చీర పంచితే అది ఖర్చు కాదు, కేసు. అదే శ్రీమంతంలో పెడితే? తాంబూలం. ఆడోళ్ళు ఆడోళ్ళకి పెట్టుకునే తాంబూలాన్ని ఏ ఎలక్షన్ స్క్వాడోడు ఆపుతాడు? ఆ బుర్ర నాదే. అన్నయ్యగారు భుజం తట్టారు తెల్సా?”

ఈ అన్నయ్యగారు అంటే అభ్యర్థి. వీరబాబు రొయ్యల చెరువులకి మేత సప్లై చేస్తాడు. ఎలక్షనొస్తే అది పక్కన పడేసి వార్డు మొత్తం నెత్తినేసుకుంటాడు. నెత్తి అతనిదే కానీ బరువు సత్యశ్రీది. వరండాలో జెండాలు కుట్టుకునేవాళ్ళకి, గోడలు రాసేవాళ్ళకి, ఊరికే వచ్చి కూర్చుని లెక్కలు వేసేవాళ్ళకి పొయ్యి ఆరకుండా టీలు, టిఫిన్లు, మధ్యాహ్నం అన్నాలు. ఒకరోజు ఆ రేట్ల పట్టిక అతను నవ్వుతూ చదివి వినిపిస్తుంటే, “కాచి పోసేదానికి రేటేం రాయలేదా?” అని అడిగిందామె. వరండా అంతా పగలబడి నవ్వింది. “పెళ్ళాం పోసిన టీకి బిల్లేంటమ్మా, అది సొంత పాలేరుతనం,” అన్నాడొకడు. వీరబాబు కూడా నవ్వాడు. వాళ్ళ ముందు మరీ గట్టిగా నవ్వాడు.

కడుపు పోయిన రోజు కూడా ఆ వరండా నిండుగానే ఉంది. అవతలి పార్టీలోంచి కొందరు వచ్చి కండువాలు కప్పుకున్నారు. వాళ్ళకి భోజనాలు. పొద్దున్నే నడుములో పోటు మొదలైంది. తర్వాత చీరకి తడి తగిలింది. పొయ్యి దగ్గర్నుంచి గోడ పట్టుకుని వచ్చి మొగుణ్ణి పిలిచి చెప్పింది. “ఈ బంతి లేవనీ, వెంటనే ఎల్దాం,” అన్నాడు. అత్తగారు పాపాయమ్మ, “మాకివన్నీ తెలీవా? కాసేపు కూర్చుంటే సర్దుకుంటాది,” అంది, కూర్చోవడానికి పీట మాత్రం వెయ్యలేదు. ఆ బంతి లేచింది, ఇంకో బంతి కూర్చుంది. కాకినాడ చేరేసరికి అయిపోయింది. ముందొచ్చినా నిలబడేదో లేదో చెప్పలేనంది డాక్టరమ్మ. ఆ ‘చెప్పలేను’ అన్న మాట తలకింద పెట్టుకుని వీరబాబు ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. సత్యశ్రీకి మాత్రం అప్పట్నుంచీ వడ్డించే గరిటె చప్పుడు వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా వడ్డిస్తూనే ఉంది. “ఎలక్షనయ్యేదాకా ఎవరికీ చెప్పకు, కార్యం చేసే ఇంట్లో ఏడుపులేంటి?” అన్న అత్తగారి మాటకి తలూపింది. ఆ తలూపుడే ఇవాళ వీళ్ళకి షామియానా గుంజ అయిందని ఇప్పుడర్థమైంది.

“నేను కూర్చోను,” అంది.

“కూర్చోకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోవాలి? చీరలొచ్చేశాయి. మాటిచ్చేశాను.” అంతే. లేచి వెళ్ళిపోయాడు. ఆమె ఒప్పుకుందో లేదో అతనికి అక్కర్లేదు, భోజనాలకి ఒప్పుకుందా ఎప్పుడైనా?

ఆదివారం పొద్దున్నే వీధికి అడ్డంగా షామియానా లేచింది. పార్టీ పేరు ఎక్కడా లేదు. పూల దండల రంగు చూస్తే చాలు, పేరెందుకు? లోపలి గదిలో చీరల సంచులు నడుమెత్తు పేర్చారు. పాపాయమ్మ ఒక పాత నూలుచీర మడతలు పెట్టి తెచ్చి, “ఇది లోపల కట్టుకో. పైన కుచ్చిళ్ళు కాస్త ముందుకి దోపు. ఎవరు తడివి చూత్తారు?” అంది. ఆ నూలుచీర సత్యశ్రీదే. మెత్తగా ఉంటుందని పొత్తిళ్ళకి దాచుకున్నది. అది కూడా వాళ్ళ చేతికే దొరికింది.

చీర కట్టడానికి పక్కింటి జ్యోతిని పిలిచారు. జ్యోతి మిషను కుట్టుకుని బతికే మనిషి, ఏ రవిక ఎక్కడ బిగుసుకుందో చెయ్యి తగిలితే చెప్పేస్తుంది. కుచ్చిళ్ళు దోపుతుండగా ఆ చెయ్యి మడతల మీద ఆగింది. తలెత్తి సత్యశ్రీ కళ్ళల్లోకి చూసింది. పిన్నీసు పెట్టి, ఒక్క నిమిషం ఆ భుజం మీద చెయ్యుంచి వెళ్ళిపోయింది.

గదిలో ఒంటరిగా మిగిలింది సత్యశ్రీ. ఎదురుగా సంచులు. వీధి గోడ మీద ఎన్నికల ఆఫీసువాళ్ళు అంటించిన పోస్టరు గుర్తొచ్చింది, ఫిర్యాదు చేసే యాప్ ఉంది, పేరు చెప్పక్కర్లేదు అని. ఆ పోస్టరు అంటిస్తున్న కుర్రాళ్ళకి కూడా ఆమే టీ ఇచ్చింది. ఫోను తీసింది. సంచుల ఫొటో కొట్టి పంపేసింది. ఇంక వాళ్ళే వస్తారు, పట్టుకుంటారు, తను నోరు విప్పక్కర్లేదు అనుకుంది. అదీ ఆమె చేసిన పొరపాటు.

కుర్చీలో కూర్చోబెట్టారు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి బుగ్గలకి గంధం రాశారు, చేతులకి గాజులు తొడిగారు. వాళ్ళలో మోసం లేదు. “మగపిల్లాడేనమ్మా, మొహం చెప్తంది,” అని ఒకావిడ మెటికలు విరిచింది. అభ్యర్థి రాలేదు. వస్తే ఈ ఖర్చంతా ఆయన నెత్తిన పడుతుంది. ఆయన భార్య వచ్చింది, మెడనిండా నగలతో, “అమ్మ లేని పిల్లవి, నేనే నీ పుట్టిల్లనుకో,” అంటూ చలిమిడి ఒళ్ళో పెట్టింది. కడుపు చలవ కోసమని పుట్టింటివాళ్ళు పెట్టే చలిమిడి. క్యాటరింగువాళ్ళు టబ్బులో కలిపిన చలిమిడి.

సంచులు పంచడం మొదలైన కాసేపటికి వీరబాబు ఫోను చెవికి పెట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “స్క్వాడొత్తందంట! ఎవడో ఫొటో పెట్టాడు. ఆఫీసులో మనోడే ముందు ఫోన్ చేశాడు, ఐదు నిమిషాలు ఆగొస్తారంట.”

సత్యశ్రీ విన్నది. ఫిర్యాదు వెళ్ళింది. వెళ్ళి, చక్కర్లు కొట్టి, ఆమె మొగుడి చెవిలోకే వచ్చింది.

ఐదు నిమిషాలు చాలు. మిగిలిన సంచులు రొయ్యల వ్యానులో ఐసు పెట్టెల వెనక్కి ఎక్కాయి. అభ్యర్థి భార్య పెరటి సందులోంచి వెళ్ళిపోయింది. సంచి అందినవాళ్ళు కుర్చీ కిందికి తోసి పమిట కప్పారు. తర్వాత జీపొచ్చింది. ఒక ఆఫీసరు, ఒక పోలీసు, కెమెరా పట్టుకున్న కుర్రాడు. ఆఫీసరు రాజధాని పుదుచ్చేరి నుంచి వచ్చినాయన, తెలుగు పలుకు కాస్త మొద్దుగా ఉంది. శుభలేఖ చూపించమన్నాడు. చూపించారు. ఖాళీ గది తీయించాడు. కుర్చీల కింది సంచులేంటని అడిగాడు. “తాంబూలాలు సార్,” అన్నాడు వీరబాబు. ఒక్కటీ విప్పి చూడలేదాయన. కెమెరా తిరిగి తిరిగి సత్యశ్రీ దగ్గర ఆగింది. ఆ వీధిలో ఇంక దొంగసరుకు ఆమె ఒక్కతే మిగిలింది.

“ఎన్నో నెల అమ్మా?” అన్నాడు ఆఫీసరు, మర్యాదకి.

“ఏడో నెల సార్,” అన్నాడు వీరబాబు.

“నెలల్లేవు సార్,” అంది సత్యశ్రీ. “కడుపు పోయి నెల దాటింది. ఇది శ్రీమంతం కాదు. పార్టీ భోజనాలు, పార్టీ చీరలు. మిగతావి ఆ వ్యానులో ఉన్నాయి.”

పాపాయమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. వీరబాబు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు. “నీరసం సార్. పొద్దున్నించీ ఏం తినలేదు, ఏదో మాటాడతంది.”

ఆఫీసరు వ్యాను వైపు చూడలేదు. కెమెరా కుర్రాడి వైపు చూసి, “ఆఫ్ చెయ్,” అన్నాడు. ఎర్రదీపం ఆరిపోయింది. “అమ్మా, ఇది మీ ఫ్యామిలీ మేటర్. దీన్ని నేను ఖర్చు కింద రాయలేను.”

సత్యశ్రీ లేచి నిలబడింది. ఒళ్ళో చలిమిడి నేలమీద పడింది. కుచ్చిళ్ళ వెనకనుంచి నూలుచీర మడత పట్టుకుని లాగింది. అందరూ చూస్తుండగా అది బయటికొచ్చింది. ఆఫీసరు ముందున్న బల్లమీద పెట్టింది.

“ఇదీ రాసుకోండి. మీ పట్టికలో దీనికి రేటెంతో చూడండి. వీళ్ళకి వండుతుంటేనే నా కడుపు పోయింది. దానికీ రేటుందేమో చూడండి.”

“సిగ్గు లేదటే నీకు! మొగుడి పరువు తీత్తావా నలుగుర్లో?” పాపాయమ్మ అరుపు. వీరబాబు వచ్చి ఆమె జబ్బ పట్టుకున్నాడు, లోపలికి లాగబోయాడు. ఆఫీసరు పెన్ను జేబులో పెట్టుకుని జీపు వైపు తిరిగాడు. మగవాళ్ళందరికీ ఎవరి పని వాళ్ళకి గుర్తొచ్చింది.

“ఆగండి సార్.”

జ్యోతి లేచింది. చీర సంచి చంకలోనే ఉంది, అదేం తిరిగిచ్చెయ్యలేదు. రెండో చేత్తో ఫోను ఎత్తి పట్టుకుంది. దీవించి మెటికలు విరిచినావిడ కూడా కొంగు ముడిలోంచి తన ఫోను తీసింది. వెనకెవరో, “బావా, చెయ్యి తియ్యి ముందు. వీడియోలో పడతన్నావు,” అన్నారు. వీరబాబు చెయ్యి తనంతట అదే ఊడిపోయింది.

“మళ్ళీ చెప్పు వదినా, మొదట్నుంచీ,” అంది జ్యోతి. “వాళ్ళది ఆపేశారు. మాది నడుస్తంది.”

సత్యశ్రీ పమిట సర్దుకుంది. బుగ్గల మీది గంధం అరచేత్తో తుడిచేసుకుంది. వంట మొదలుపెట్టేముందు చెయ్యి కడుక్కున్నంత మామూలుగా.

“నా పేరు సత్యశ్రీ,” అంది. “ఈ కుర్చీలో నన్ను కూర్చోబెట్టినవాళ్ళ పేర్లు చెప్తాను, రాసుకోండి.”