వెలిసిన ఊదా రాయి

వడియాల పిండి అంటిన చెయ్యి మేడ మీద కుళాయి కింద పెట్టినప్పుడు చూశాను. నా నడిమి వేలికున్న ఊదా రాయి వెలిసిపోయింది. తెచ్చిన రోజున నల్ల వంకాయలా, లోపలెక్కడో చీకటిని దాచుకున్నట్టు ఉండేది. ఇప్పుడు సబ్బునీళ్ళ రంగుకొచ్చింది. నీడలోకి పోయి చూశాను. చున్నీతో తుడిచి చూశాను. అంతే. రేపు శనివారం. రేపు అత్త చూస్తుంది.

ఈ ఉంగరం నా వేలికెక్కడానికి కారణం టీ. ఆత్మకూరులో ఒక ల్యాబులో టెక్నీషియన్ని నేను. శివరాత్రి వెళ్ళాక ఒకరోజు, పొద్దంతా రక్తం శాంపిళ్ళు తీసి, ఉదయగిరి బస్సులో నిలబడి ఇంటికొచ్చేసరికి మా ఆయన ప్రశాంత్ వరండాలో తన పార్టీ వాళ్ళతో ఉన్నాడు. పంచాయతీ ఎన్నికల మాటలు. "దివ్యా, అందరికీ టీ," అన్నాడు నా వైపు చూడకుండానే. "కాళ్ళు లాగుతున్నాయి, ఈ పూటకి మీరే పెట్టండి," అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఎవరో దగ్గారు. ఒక్కొక్కరే లేచి చెప్పులేసుకున్నారు. వాళ్ళు పోయాక అతను అరవలేదు. మందు వాసనతో దగ్గరగా వచ్చి, "నలుగురిలో నా మర్యాద తీసినావు," అన్నాడు మెల్లగా. నన్ను భయపెట్టింది ఆ మెల్లదనమే.

మర్నాడే అత్త దేవకమ్మ వింజమూరులో సిద్ధాంతి దగ్గరికి పోయింది. నాకు శని పట్టిందట, వచ్చి నోట్లో కూర్చుందట. నీలం నా జాతకానికి పడదు కాబట్టి దాని బదులు ఈ అమెథిస్ట్. వెండిలో పొదిగించి, అడుగున చర్మానికి తగిలేలా పెట్టుకోవాలి. శనివారం మాత్రం పచ్చిపాలతో కడిగి, పొద్దుగూకే దాకా ఎండలో ఉంచి మళ్ళీ తొడుక్కోవాలి. ఈ రాయి కోపాన్ని తాగేస్తుందట. మనసు కుదురుగా ఉంటే రంగు నిలుస్తుంది, లోపల విషముంటే వెలిసిపోతుందట. "అందాకా ఇంట్లోనే ఉండు. రంగు నిలబడితే పోదువులే ఉద్యోగానికి. నీ మనసుకి కాపలా పెట్టినాననుకో," అంది అత్త. ల్యాబుకి నా సెలవు చెప్పింది కూడా ప్రశాంతే. నిన్న ల్యాబు నడిపే మేడం నాకు ఫోన్ చేసింది. సోమవారం రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటుందట.

కాపలా అని అత్త అనుకోకుండానే నిజం చెప్పింది. ప్రశాంత్ కంచం తోసేసి "దీన్ని కూరంటారా?" అన్నప్పుడు నేను చూసేది అతన్ని కాదు, రాయిని. కోపం వచ్చిందని దానికి తెలిసిపోయిందేమోనని. అంట్లు తోముతూ, మిరపకాయలు ఎండబోస్తూ, నాకు కోపం లేదు, లేదు అని లోపల చదువుకునేదాన్ని. కోపాన్ని దాచడం పెళ్ళికి ముందే వచ్చు నాకు. అసలు లేనట్టే ఉండడం మాత్రం కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. ఒకరోజు తలుపు గడియపెట్టి స్నానం చేస్తూ, ఎవరూ లేనిచోట కూడా నా పెదాలు నవ్వు పెట్టుకుని ఉన్నాయని గమనించి హడలిపోయాను. అంత చేసినా రాయి వెలిసింది. అంటే ఎక్కడో బయటపడిపోయాను. సూక్ష్మదర్శినిలో రక్తకణాలు లెక్కపెట్టే మనిషిని, నిజంగానే అలా నమ్మాను.

పిట్టగోడ నీడలో కూర్చుని ఫోనులో వెతికాను. చాలాకాలం ఎండ తగిలితే ఈ రాయి రంగు పోవచ్చని ఉంది. ఇంకో మాట కూడా ఉంది. పూర్వం గ్రీసు దేశంలో మత్తు తలకెక్కకూడదని తాగేవాళ్ళు దీన్ని పెట్టుకునేవారట. తాగేవాళ్ళు! నవ్వు తన్నుకొచ్చి చున్నీ నోట్లో కుక్కుకున్నాను.

ఎండ. శనివారం శనివారం అత్త తన చేత్తో పెట్టిన ఎండ. బతికిపోయాననుకున్నాను. రేపు ఈ పేజీ చూపిస్తే చాలు, సోమవారం బస్సెక్కుతాను. నా మనసు కుదురుగానే ఉంది అత్తా, ఎండకి పోయింది అత్తా. ఆ మాటలే అనుకుంటూ మెట్లు దిగాను.

శనివారం పొద్దున పాలగిన్నె ముందు నా చెయ్యి పట్టుకుని అత్త కళ్ళు చికిలించింది. "ఏందమ్మే ఇది! ఎలిసిపోయుండాదే! ఒరే ప్రశాంతూ, ఇట్రా, నీ పెళ్ళాం మనసు చూడు!"

అతను నోట్లో బ్రష్షుతోనే వచ్చాడు. "నేను చెప్పలా? పైకి నవ్వతా ఉంటాది, లోపలంతా కుతకుతే. సోమవారం లేదు, ఏం లేదు. ఆ మేడానికి నేను చెప్తాలే."

"ఎవురి మీదమ్మే నీకు అంత కోపం? తిండికి తక్కువ చేసినామా, గుడ్డకి తక్కువ చేసినామా?"

ఫోను నా చేతిలోనే ఉంది. ఎండ అని ఒక్క మాట అంటే ఇద్దరూ నోరు మూసుకుంటారు. నాకు ఉద్యోగమూ వస్తుంది. కానీ నాకు కోపం లేదని నా నోటితో నేనే రుజువు చేసినట్టవుతుంది. రేపు ఎండలో పెట్టనక్కర్లేని ఇంకో రాయి వస్తుంది. దాని ముందు మళ్ళీ చెయ్యి చాపాలి, లోపల మళ్ళీ అదే చదవాలి.

ఫోను పక్కన పెట్టేశాను.

"మీ ఇద్దరి మీదా, అత్తా. శానా ఉండాది," అన్నాను. "కూర్చో. సోమవారం దాకా ఆగను, ఇవాళే పోతాను. బస్సు వచ్చేదాకా కొంత చెప్తాను. మిగతాది సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చినాక."