గాజుల చప్పుడు లేని సీడీ

మాచర్లలో పుట్టింటి వాటా వదులుకుంటూ సంతకం పెట్టిన రోజు నజీమా తన అన్న మోయిన్‌ని ఒక్కటే అడిగింది. తన పెళ్ళిలో ఢోలక్ వాయిస్తూ అమ్మ హజ్రా బీ పాడిన పాటల సీడీ. అమ్మ పోయాక ఆమె గొంతు మిగిలింది అందులోనే. మోయిన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ దాన్ని చేతిలో పెట్టాడు.

"అమ్మ మీద ఒట్టు, ఒరిజినల్ ఇదేనే."

నరసరావుపేటలో ఒక స్టూడియోలో శబ్దాలు సరిచేయడమే నజీమా పని. మర్నాడు అక్కడే హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింది. అమ్మ గొంతు బాగానే ఉంది. ఢోలక్ మీద చెయ్యి పడ్డప్పుడల్లా గలగలమనాల్సిన మట్టిగాజులు మాత్రం నీళ్ళలో ముంచినట్టు ముద్దముద్దగా మోగుతున్నాయి. అనుమానమొచ్చి ఆ శబ్దాన్ని కంప్యూటర్ తెర మీద పరిచి చూసింది. సన్నటి శబ్దాలు కనబడాల్సిన పైభాగమంతా కత్తితో కోసేసినట్టు ఖాళీ. పాటల్ని ఎంపీత్రీలుగా కుదించి, వాటినే మళ్ళీ ఆడియో సీడీగా రాశారు. కుదింపులో పోయిన శబ్దం ఇక తిరిగిరాదు.

వెంటనే ఫోన్ చేసింది.

"కాపీ ఇచ్చి అమ్మ మీద ఒట్టేశావేంది అన్నా?"

మోయిన్ ఒప్పుకున్నాడు. "ఒరిజినల్ నా కాడే ఉందిలే. అయినా పాటంతా ఇనపడతానే ఉందిగా! ఎంపీత్రీలో పోయేది మన చెవికి తెలవదంట."

"నా చెవికి తెలవదనేగా ఇచ్చావు," అంది నజీమా. "నేను మాత్రం సంతకం ఒరిజినలే పెట్టాను అన్నా."