తుప్పు పట్టిన చెంచా

అన్యాయం జరిగింది ఎవరికి? ప్రయోగశాలలో పదిహేడేళ్లు గాజుసామాను కడిగిన, అందరూ అక్కా అని పిలిచే ఆమెకు. ఎలా? "సీసాలు సరిగ్గా కడగలేదు" అన్న ఒక్క మాటతో. నిండు సమావేశంలో ఆ మాట అన్నది పరిశోధకురాలు.

ఇనుము కరువైన చోట బాక్టీరియా చేతులు ముడుచుకుని కూర్చోవు. దాన్ని పట్టి తెచ్చే సూక్ష్మమైన అణువులను బయటికి వదులుతాయి. నీలిరంగు పళ్లెంలో పెంచితే ఆ అణువులు రంగులోని ఇనుమును లాగేసుకుని, చుట్టూ నారింజ వలయం గీస్తాయి. కడుపు నిండినవాటికి వేట ఎందుకు? ఇనుము ముందే అందితే పళ్లెం నీలంగానే ఉండిపోతుంది. అందుకే ఇనుము ఆనవాలైనా మిగలకుండా అక్క ప్రతి సీసానూ ఆమ్లంలో నానబెట్టి మరీ కడిగేది.

అయినా ఆ ఏడాది నెలల తరబడి వలయం పడలేదు. అక్కను మెట్లు తుడిచే పనికి మార్చారు. ఆ వారమే పళ్లేల్లో కలిపే లవణాలు తూచడానికి ప్లాస్టిక్ చెంచాలు వచ్చాయి, వలయాలూ వచ్చాయి. "చూశారా!" అంది పరిశోధకురాలు. అందరూ చూశారు.

తొమ్మిదేళ్ల తరువాత సొరుగు సర్దుతుంటే పరిశోధకురాలి చేతికి, అప్పట్లో తను లవణాలు తూచిన పాత ఇనుప చెంచా తగిలింది. పూత ఊడి, అంచంతా తుప్పు. రెండు పళ్లేలు పోసింది, ఒకటి ఆ చెంచాతో, ఒకటి ప్లాస్టిక్‌ది వాడి. మూడో రోజు రెండోదానిలోనే వలయం పడింది.

చెంచాను చెత్తబుట్టలో పడేస్తే అడిగే దిక్కు లేదు. పడేయబోయిన చేయి ఆగింది. ఆమె మెట్ల దగ్గరికి నడిచింది.

"అక్కా, తప్పు నీది కాదు. నా చెంచాది."

అక్క తడిగుడ్డ ఆపలేదు. "నాది కాదని నాకు తెలీదా అమ్మా? నా సీసాలు నేనెరగనా?"

"మరి గట్టిగా చెప్పలేదేం?"

"చెప్పా. కడిగేదాని మాట ఎవరి చెవికెక్కుద్ది?"

"నన్ను క్షమించు."

"చెవిలో చెబితే చెల్లదు. నలుగురిలో అన్నారు, నలుగురిలోనే దిద్దండి."

సోమవారం సమావేశానికి అక్కనూ పిలిపించి, పరిశోధకురాలు రెండు పళ్లేలూ బల్ల మీద పెట్టి, నిలబడి ఒక కాగితం చదివింది: "సీసాలు శుభ్రంగానే ఉండేవి. చెంచా నాది. నింద నేను వేసినది." చివరి వరకూ చదివి, కింద సంతకం చేసి అక్కకు ఇచ్చింది. అక్కను పాత పనిలోకి తీసుకోవాలని అధికారి అక్కడే ఉత్తర్వు రాశాడు.

అక్క ఆ సంతకం కాగితాన్ని రెండుసార్లు చదువుకుని, మడిచి పని కోటు జేబులో పెట్టుకుంది.

"తీరిందమ్మా మీ బాకీ. ఇక ఆ సీసాలు ఇటివ్వండి. ఎవరు కడిగారో గానీ, చూడలేకపోతున్నా."