వెనక్కి నడిచిన చర్చి

శనివారం పొద్దున్న పదింటికల్లా చర్చిలో మూడు పనులు అయిపోవాలి. బెంచీలు తుడవాలి, పాటల పుస్తకాలు సర్దాలి, ఆ వారం చర్చి ఎంత జరిగిందో కొలవాలి. మొదటి రెండూ గుమ్మం పిన్ని చేస్తుంది. మూడోది సర్వేయరు తాతయ్య పని, ఇంకొకళ్ళని చెయ్యనివ్వడు.

గుమ్మం పిన్నికి ఆ పేరు ఊరికే రాలేదు. ఆదివారం ఆరాధనకి వచ్చేవాళ్ళకి గుమ్మం దగ్గర ఎదురెళ్ళి, రెండు చేతులూ పట్టుకుని లోపలికి తీసుకొచ్చే పని ఇరవై ఏళ్ళుగా ఆమెదే. ఆమె పట్టుకుందంటే మనిషి లోపలికి రావలసిందే. ఒక ఆదివారం కరెంటు పోతే బాగు చెయ్యడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ని కూడా అలాగే తీసుకొచ్చి మూడో వరసలో కూర్చోబెట్టింది. పాపం, మొహమాటస్తుడు, కూర్చున్నాడు. ఆ రోజు ఆరాధనంతా చీకట్లోనే జరిగింది.

ఇక సర్వేయరు తాతయ్య భూముల కొలతల ఆఫీసులో ముప్పై ఆరేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పెళ్ళిళ్ళకి వెళ్ళినా జేబులో టేపు ఉంటుంది. చర్చి మెట్ల ముందు, సరిగ్గా పదకొండు అడుగుల దూరంలో ఒక హద్దురాయి పాతించి, మెట్టు నుంచి రాయి దాకా కొలిచి, ఎంత తేడా వచ్చిందో పుస్తకంలో రాస్తాడు. వారం వారం రాస్తాడు, జ్వరం వచ్చినా రాస్తాడు.

చర్చి నడవడం ఆ ఊళ్ళో అందరికీ తెలిసిన సంగతే. అస్తమానం నడవదు. ఊళ్ళో ఎవరైనా పలకరించే దిక్కు లేకుండా ఉండిపోతే అటువైపు కాస్త మొహం తిప్పి, రోజుకి అంగుళమో రెండంగుళాలో జరుగుతుంది. ప్లంబరు వచ్చి పైపుకి ముక్క అతుకుతాడు. ఎలక్ట్రీషియను వచ్చి వైరు సవరిస్తాడు. ఇద్దరూ కూడా, ఈసారి ఎవరి కోసమండీ అని అడిగి, టీ తాగి వెళ్ళిపోతారు. సర్వేయరు తాతయ్య గుమ్మానికి ఒక దారం కట్టి, చర్చి చూస్తున్న వైపుకి లాగుతాడు. ఆ దారం వెంటే సంఘస్తులు బయల్దేరి దారిలో ఉన్న తలుపులన్నీ కొడతారు. వెతికిన మనిషి దొరికి, వచ్చి బెంచీ మీద కూర్చున్నాడా, మర్నాటికల్లా చర్చి తన చోటికి తాను వెళ్ళిపోతుంది. సంఘంలో సగం మంది అలా వచ్చినవాళ్ళే. పాస్టరుగారు కూడా అలా వచ్చినాయనే. అప్పట్లో ఆయన గొడుగులు బాగుచేసేవాడు.

ఈసారి చర్చి కదిలి ఐదు వారాలైంది. మొదటి శనివారం పుస్తకంలో తేడా తొమ్మిది అంగుళాలని పడింది. చర్చి మొహం తిన్నగా వీధి వైపే ఉంది కాబట్టి దారం కూడా తిన్నగా వీధి దాటింది. ఎదురింట్లో కొత్తగా దిగిన పళ్ళ డాక్టరు దొరికాడు. ఆయన ఒంటరి మనిషే. నోరు తెరిచి కూర్చునేవాళ్ళే తప్ప తనతో మాట్లాడేవాళ్ళు లేక విసిగిపోయి ఉన్నాడు. సంబరంగా వచ్చి కూర్చున్నాడు. చర్చి మాత్రం తన చోటికి వెళ్ళలేదు సరికదా, ఆ వారం ఇంకో పది అంగుళాలు జరిగింది. సరే, ఈయన కాదన్నమాట అనుకుని దారం పొడిగించారు. రిటైరైన లెక్కల మేష్టారు దొరికాడు. ఆ పై వారం ఒక బస్సు డ్రైవరూ, భార్యా, అత్తగారూ దొరికారు. అత్తగారి గొంతు ఎంత బాగుందంటే పాటలు పాడే వరసలో ఆవిడకి అప్పటికప్పుడు చోటిచ్చేశారు. ఐదు వారాల్లో ఎదురు వీధి వీధంతా వచ్చేసింది. బెంచీలు చాలక ఇళ్ళలోంచి కుర్చీలు మోసుకొచ్చారు. గుమ్మం పిన్నికి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. కానీ ప్రతి శనివారం టేపు ఏదో ఒక తేడా చూపిస్తూనే ఉంది.

"ఎవరో మహా మొండి మనిషి ఉన్నట్టున్నారు," అన్నాడు తాతయ్య.

మొండితనం కాదు. ఆ మనిషికి తన కోసం ఎవరైనా వస్తారన్న ఊహే లేదు.

చర్చి వెనక ఆరడుగుల సందు ఉండేది. సందుకి ఒక పక్క చర్చి గోడ, రెండో పక్క ఒక గిడ్డంగి గోడ, ఆ గోడ చివర అంటించినట్టు ఒకే ఒక గది. ఆ గదిలో కాజాలు కుట్టే అమ్మాయి అద్దెకుండేది. అమ్మాయి అంటే ముప్పై దాటినావిడే, చొక్కాలు కుట్టే కార్ఖానాలో పని. కాలరూ చేతులూ వేరేవాళ్ళు కుడతారు. ఈమె దగ్గరికి వచ్చిన చొక్కాకి గుండీలు పట్టే కాజాలు కుట్టి పక్కకి పంపాలి. చొక్కాకి ఏడు, రోజుకి రెండొందల చొక్కాలు. మిషన్ల చప్పుడులో పక్కమనిషితో మాట్లాడాలంటే అరవాలి. అరిచి మాట్లాడే స్వభావం కాదు ఆమెది. ఈ ఊరు వచ్చి ఎనిమిది నెలలైంది. కార్ఖానాలో మాస్టరు "తొందరగా" అంటాడు, కూరగాయల కొట్టులో "ఇంకేం కావాలి" అంటారు. అంతకుమించి ఆమెతో ఎవరూ మాట్లాడలేదు. కొన్ని రోజులైతే తన గొంతు తనకి గుర్తుందో లేదోనని గదిలో పైకే ఏదో ఒకటి అనుకుని చూసుకునేది.

చివరికి అన్నయ్య ఇంటికి వెళ్ళిపోదామని నిర్ణయించుకుంది. అక్కడ వదిన చాకిరీ అంతా ఈమె నెత్తినే పడుతుంది. తెలుసు. ఆ ఇంట్లోంచి బయటపడటానికే నాలుగేళ్ళు పట్టింది, ఈసారి వెళితే మళ్ళీ బయటపడదు. అదీ తెలుసు. అయినా తిట్టడానికైనా ఒక మనిషి ఉంటుంది కదా అనుకుంది. ఆదివారం తొమ్మిదిన్నర బస్సుకి టికెట్ కొనుక్కుంది.

చర్చి గోడ తన తలుపుకి దగ్గరవుతోందని ఆమె చూడకపోలేదు. రోజూ చూసేది. వెలుతురు తగ్గితే దీపం ముందుగా వేసుకునేది. సందు ఇరుకైతే బట్టలారేసే తాడు లోపల కట్టుకుంది. దాని దారిన అది ఎక్కడికో పోతోంది, నా కోసమైతే కాదు అనుకుంది.

ఆ ఐదో శనివారం గుమ్మం పిన్ని బెంచీలు తుడిచిన నీళ్ళు పారబొయ్యడానికి పాస్టరుగారు కోటు తగిలించుకునే వెనక గదిలోకి వెళ్ళింది. వెనక తలుపు తీసి, అలవాటు ప్రకారం చూడకుండానే బకెట్ ఎత్తి విసిరింది. నీళ్ళన్నీ తిరిగొచ్చి ఆమె మీదే పడ్డాయి. మొహం తుడుచుకుని చూస్తే రెండడుగుల దూరంలో ఒక ఆకుపచ్చ తలుపు, దానికి తాళం.

తడిసిన చీరతోనే ముందుకి వచ్చి తాతయ్యని నిలదీసింది.

"బాబాయిగారూ, చర్చి ఎటు నడుస్తోందండీ?"

"ఎటేమిటమ్మాయ్, ముందుకే. నలభై ఏళ్ళుగా ముందుకే కదా నడుస్తోంది."

"రాయి దాకా ఒకసారి మళ్ళీ కొలవండి."

కొలిచాడు. పదకొండు అడుగులుండాల్సింది పదిహేను అడుగులుంది. ఆయన తేడా రాశాడే కానీ, పెరిగిందో తగ్గిందో ఏనాడూ రాయలేదు. నలభై ఏళ్ళలో ఆ అవసరం రాలేదు మరి. నాలుగడుగుల తేడా కంటికి ఆనదా అని మీరడగొచ్చు. ఆనుతుంది. కానీ సర్వేయరుండగా కళ్ళతో చూసి చెప్పే ధైర్యం ఎవరికుంటుంది? తాతయ్య టేపు చుట్టి జేబులో పెట్టుకుని మెట్టు మీద కూలబడ్డాడు. ఎదురు వీధి వీధంతా పిలిచి కూర్చోబెట్టి, పిలవాల్సిన మనిషికి ఐదు వారాలు వీపు చూపించామన్నమాట అని మాత్రం అన్నాడు.

పిన్ని వెనక్కెళ్ళి ఆ తలుపు మూడుసార్లు కొట్టింది. తాళం వేసిన తలుపని తెలిసినా కొట్టింది. కాజాల అమ్మాయి కార్ఖానాలో ఉంది, పొద్దుపోయాక ఎప్పుడో సందులో అడ్డంగా నడిచి ఇల్లు చేరింది. అప్పటికి అందరూ ఇళ్ళకి వెళ్ళిపోయారు. రేపు ఆరాధన కాగానే అందరం కలిసి వెళదామని ముందే అనుకున్నారు. బస్సు సంగతి వాళ్ళకేం తెలుసు.

చర్చికి తెలిసినట్టుంది. రోజుకి రెండంగుళాలు మించి జరగనిది, తెల్లవారేసరికి మిగిలిన రెండడుగులూ జరిగిపోయింది.

ఆదివారం తొమ్మిదింటికి కాజాల అమ్మాయి పెట్టె చేత్తో పట్టుకుని తలుపు తీసింది. ఎదురుగా సందు లేదు. తన గడపకి ఇంకో గడప ఆనుకుని ఉంది. ఆ గడపకి తలుపు తీసే ఉంది, అవతల ఒక చిన్న గది, గోడకి వేలాడుతున్న నల్ల కోటు, మూలన చీపురు, బకెట్. తలుపు వేసి మళ్ళీ తీసింది. కోటు అక్కడే ఉంది. బయటికి వేరే దారి లేదు. సరే, ఎవరూ చూడకుండా పక్కనుంచి జారుకుంటే సరిపోతుందని ఆ గది దాటి అవతలి తలుపు తోసింది.

ఆ తలుపు తిన్నగా వేదిక మీదికి తెరుచుకుంటుంది. రెండొందల మంది పాట పాడుతూ ఆమెనే చూస్తున్నారు.

పాట ఒక్కసారిగా ఆగలేదు, ముక్కలు ముక్కలుగా ఆగింది. అందరికంటే చివర బస్సు డ్రైవరు అత్తగారు ఆపింది. కాజాల అమ్మాయి తల వంచుకుని వేదిక దిగి, బెంచీల మధ్య నుంచి గబగబా నడిచింది. ఎదురుగా గుమ్మంలో పిన్ని నిలబడి ఉంది. బయటి నుంచి వచ్చేవాళ్ళకి ఎదురెళ్ళడమే తప్ప లోపలి నుంచి వచ్చేవాళ్ళని ఎలా పలకరించాలో పిన్నికి తెలియదు. ఇరవై ఏళ్ళలో మొదటిసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు.

"ఏమనుకోకండి, వేరే దారి లేక ఇలా వచ్చాను," అంది కాజాల అమ్మాయి. "బస్సుకి టైమైపోతోంది."

"ఎక్కడికమ్మా?"

"అన్నయ్య వాళ్ళింటికి."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"రానండీ."

పిన్ని దారికి అడ్డం తప్పుకోలేదు. "ఐదు వారాలుగా ఈ చర్చి నడుస్తోంది నీ కోసమేనమ్మా. మేమే తెలివితక్కువగా ఎదురు వైపు వెతికాం. నువ్విక్కడ ఉన్నావనే తెలియదు మాకు."

కాజాల అమ్మాయి పెట్టె కింద పెట్టింది. చాలా రోజుల తర్వాత ఇంత పెద్ద మాట మాట్లాడబోతున్నట్టు గొంతు సవరించుకుంది.

"నేను ఒకసారి వచ్చానండీ, ఈ ఊరొచ్చిన మొదటి ఆదివారం. మీరే నా చేతులు పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. కూర్చున్నాను. ఇది మా చోటమ్మా, కాస్త జరుగు అన్నారు. జరిగాను. అక్కడ కూడా అదే మాటన్నారు. మళ్ళీ జరిగాను. మూడోసారి జరిగేసరికి గుమ్మం వచ్చేసింది."

కోపంగా చెప్పలేదు. దారి చెప్పినట్టు చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది. పిన్ని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎన్ని వందల చేతులు పట్టుకుందో, లోపలికి తెచ్చి వదిలేసి ఎన్నిసార్లు వెనక్కి తిరిగి మళ్ళీ గుమ్మం దగ్గరికి పరిగెత్తిందో అప్పుడు తెలిసొచ్చింది. ఎదురుగా వెళితే తలుపేసుకునే మనిషి కాబట్టే చర్చి ఇలా వెనక వెనకగా నడిచిందని కూడా అర్థమైంది.

ముందు వరసలో సర్వేయరు తాతయ్య లేచాడు. ఆ చివరి చోటు ఆయనది, ఇన్నేళ్ళుగా ఆయన తప్ప ఇంకొకళ్ళు కూర్చోలేదు. "జరగండి, జరగండి," అంటూ పక్కవాళ్ళని మోచేత్తో తోసుకుంటూ లోపలికి జరిగాడు. ఆ వరసలో ఒక చోటు ఖాళీ అయింది. అది చూసి రెండో వరస ఊరుకుంటుందా? వాళ్ళూ జరిగారు. మూడో వరసలో పళ్ళ డాక్టరు జరిగి జరిగి లెక్కల మేష్టారి ఒళ్ళో సగం కూర్చున్నాడు. చివరి వరస దాకా అందరూ జరగడమే. సర్దుబాటయ్యాక చూస్తే, ఒక్క మనిషికి పదకొండు చోట్లు ఖాళీగా ఉన్నాయి. ప్రతి వరసవాళ్ళూ మా దగ్గర, మా దగ్గర అని సైగలు చేస్తున్నారు.

కాజాల అమ్మాయికి నవ్వొచ్చింది. ఆపుకుందామనుకుంది కానీ ఆగలేదు. ఎనిమిది నెలల నవ్వు మరి, గట్టిగానే వచ్చింది. పిన్ని ఆమె చెయ్యి పట్టుకుంది. ఈసారి గుమ్మం దగ్గరికి తిరిగి వెళ్ళకుండా ఐదో వరసలో ఆమె పక్కనే ఇరుక్కుని కూర్చుంది. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో, వాళ్ళే లోపలికి వచ్చి వాళ్ళే కూర్చున్నారు. పాస్టరుగారు ఎక్కడ ఆపారో మర్చిపోయి పాట మొదటి నుంచి ఎత్తుకున్నారు. వీధి చివర తొమ్మిదిన్నర బస్సు హారన్ వినబడింది. ఆమెకీ వినబడింది. పాటల పుస్తకంలో పేజీ ఎంతని పిన్నిని అడిగింది.

ఆ మధ్యాహ్నం అన్నయ్యకి ఫోను చేసి, రావడం లేదని చెప్పింది.

మర్నాటికి చర్చి తన చోటికి వెళ్ళిపోతుందని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. ఆ రోజూ వెళ్ళలేదు, ఆ తర్వాతా వెళ్ళలేదు, గడపకి గడప ఆనించుకుని అక్కడే ఉండిపోయింది. సోమవారం పొద్దున్న కాజాల అమ్మాయి పనికి బయల్దేరి తలుపు తీస్తే వెనక గదిలో పాస్టరుగారు కోటుకి ఊడిన గుండీ వెతుక్కుంటున్నారు. తలెత్తి చూశారు.

"పనికేనా అమ్మా?"

"పనికేనండీ."

"సాయంత్రం ఎన్నింటికొస్తావు? తలుపు తీసి ఉంచుతాను."

ఎన్నింటికి వస్తావని ఆ ఊళ్ళో ఆమెని ఎవరైనా అడగడం అదే మొదటిసారి. ఏడింటికండీ అని చెప్పి వెళ్ళింది. ఆరూ యాభైకే వచ్చేసింది.