తువ్వాల కింది ధర

బేరానికి నన్ను రమ్మని మారెప్ప అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. మా సొసైటీకి పెద్ద ఆయన. ముప్పై నాలుగు ఇళ్ళవాళ్ళం వేరుశనగ కాయలు ఒక్కచోట పోసి, జల్లించి, ఒకే ధరకు అమ్ముకుందామని డెబ్బై తొమ్మిదిలో పెట్టుకున్న సొసైటీ అది. జల్లెడ దగ్గర పెత్తనం నాది. ఒక్క మట్టిగడ్డ కనిపించినా మూట విప్పిస్తాను, అది ఎవరిదైనా సరే. మండీలో బేరం మాత్రం మగవాళ్ళది. దళారి తువ్వాల కప్పుతాడు. దాని కింద ఇద్దరూ చేతులు కలిపి, వేళ్ళు నొక్కి ధర చెప్పుకుంటారు. ఎంతన్నది ఆ ఇద్దరికే ఎరుక.

అక్కడే వచ్చింది చిక్కు. పోయిన వారం మొదటి విడత కాయలకు క్వింటాలుకు రెండు వందల పది పలికిందని మారెప్ప వచ్చి చెప్పాడు. పక్క ఊరికి రెండు వందల పాతిక ఇచ్చారని ఎవరో పుల్ల పెట్టారు. మరి ఆ పదిహేను ఎవరు మింగినట్టు? నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ఇట్లయితే ఇక ఎవరి దారి వారిదేనని మా సొసైటీలోని తిప్పయ్య తెగేసి చెప్పాడు. సగం ఊరు అతని వెనకే. మారెప్ప ఎదురొస్తే నేనూ తప్పుకుని పోయాను.

"ఈతూరి బేరం బయమ్మ చేస్తాది," అన్నాడు మారెప్ప అందరి ముందర.

"నేను పోయి పరాయి మగోని చెయ్యి పట్టుకోవల్లనా? నీకేమన్నా మతి పోయిందా అన్నా?"

"పట్టుకోవద్దు," అన్నాడు.

మండీలో మా పదకొండు బండ్లూ వరసగా నిలిపాం. దళారి కొండప్ప అలవాటుగా తువ్వాల దులిపాడు. ఎదురుగా నేను కనపడేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఏమ్మా, మీ మగోళ్ళు యాడికి పోయినారు?"

"ఈడే ఉండారు. బేరం నాది. చెయ్యి ఇయ్యను, నోటితో చెప్పు."

"నోటితోనా! మా తాతల కాలం నుంచీ లేదమ్మా ఇది."

"మీ తాత ఈడ లేడు కదప్పా. నువ్వు చెప్పు."

నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఇంకో ఇద్దరు దళారులు దూరం నుంచే మొహం తిప్పుకున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది. తిప్పయ్య లేచి తన బండికి ఎద్దులు కట్టబోయాడు. నేను పోయి కాడి పట్టుకున్నాను.

"ఇడ్సు బయమ్మా! మండీ అంతా మనల్ని చూసి నవ్వుతాండాది."

"నవ్వనీ. వాళ్ళు నవ్వితే మన కాయ తూకం తగ్గుతాదా? పొద్దు గుంకేదాకా ఉండు. అప్పటికీ ఎవురూ ధర చెప్పకుంటే నీ ఎద్దుల్ని నేనే కడ్తా."

లోపల నాకూ భయంగానే ఉంది. ఆ ఒక్క బండి కదిలితే సొసైటీ లేదు. అయినా కాడి మాత్రం వదల్లేదు.

పొద్దు వాలాక కొండప్ప మళ్ళీ వచ్చాడు. ఆ రోజే నూనె మిల్లుకు లోడు పంపాలట. మండీలో జల్లించిన కాయ మాదొక్కటే. నా పక్కకు వచ్చి, "రెండునూర్ల ఐదు," అని గొణిగాడు.

నేను బండెక్కి అరిచాను. "రెండునూర్ల ఐదంట! ఇంకెవురన్నా ఎక్కువిస్తారా?"

మండీ మొత్తం ఇటు తిరిగింది. "ఎనిమిది!" అన్నాడు ఇంకో దళారి. కొండప్ప మొహం మాడ్చుకుని, ఈసారి గట్టిగానే అన్నాడు: "పది!"

మూడుసార్లు అడిగాను. పదిని దాటి ఎవరూ రాలేదు.

రెండు వందల పది! మారెప్ప తువ్వాల కింద తెచ్చిన ధరే. తిప్పయ్య హమాలీని పిలవకుండా తన మూటలు తనే మోసి కాటా మీద పెట్టాడు.

తిరిగి వచ్చేటప్పుడు మారెప్ప బండిలోనే కూర్చున్నాను. సిగ్గుతో ప్రాణం చచ్చిపోతోంది. చివరికి అనేశాను.

"అన్నా, నీ మింద నేనూ అనుమానపడినా."

"తెలుసు," అన్నాడు ఎద్దుల్ని అదిలిస్తూ. "అందుకే నిన్ను పిల్చుకొచ్చినా. నన్ను నమ్మేటోళ్ళు చెప్తే ఊరు నమ్ముతాదా?"