ఒక చెట్టు పీకి చూడండి

వజ్రకరూరు చుట్టుపక్కల వాన పడిందంటే చాలు, జనం తలలు నేలకు వంగుతాయి. తడిసిన మట్టిలో ఏ రాయి మెరుస్తుందోనని చేలన్నీ కలియదిరుగుతారు. తరతరాల ఆశ అది, తప్పుపట్టడానికి మనమెవరం? కానీ ఆ ఆశకు సెల్‌ఫోను తోడైతే ఏమవుతుందో, పిల్లలున్న ప్రతి ఇంటివారూ వినదగిన సంగతి.

హనుమంతప్పకు గుట్ట కింద మూడెకరాల వేరుశనగ ఉంది. రెండేళ్లు వరుసగా పైరు ఎండిపోయాక, ఈసారి అదనుకు వానలు పడ్డాయి. చేను పూత పూసి, కాయలు కట్టే ఊడలు నేలలోకి దిగుతున్నాయి. ఆ ఊడ తెగితే కాయ లేదు. అందుకే భార్య భద్రమ్మను కూడా గట్టు దాటనిచ్చేవాడు కాదు.

శనివారం సాయంత్రం, ఏడో తరగతి చదివే అతని కూతురు అశ్విని ఫోనులో ఒక వీడియో చూసి నోరు తెరిచింది. ఏదో గుట్ట కింద వేరుశనగ చేను. పైరు మధ్య నుంచి ఒక రైతు నిమ్మకాయంత వజ్రాన్ని ఎత్తి చూపుతున్నాడు. అది ఎండకు ధగధగలాడుతోంది. వజ్రకరూరు దగ్గరేనని వెనుక నుంచి గొంతు చెబుతోంది. పిల్ల ఒళ్లు పులకరించింది. గుట్టను చూసి తమదే అనుకొని, "ఇది మా చేనే" అని రాసి స్నేహితురాళ్లందరికీ పంపింది.

తెల్లారేసరికి గట్టు మీద అరవై మంది. పారలు, గడ్డపారలు, వరుసగా మోటారు సైకిళ్లు. కొందరు అప్పుడే ఓ మూల సాళ్లలో దిగారు. వింత ఏమిటంటే, హనుమంతప్ప వాళ్లను అడ్డుకోలేదు. ఆ వీడియోను అతనూ పదిసార్లు చూశాడు. మన చేను మనమే ముందు తవ్వుకుందామని పార భుజాన వేసుకొని బయలుదేరాడు. భద్రమ్మ ఎంత మొత్తుకున్నా చెవికెక్కలేదు.

నాయన పార పట్టుకొని పోవడం అశ్విని చూసింది. ఫోనులో బొమ్మ నిజమో కాదో తెలియాలంటే, ఎవరో చూడమన్నచోటు వదిలిపెట్టి చుట్టూ చూడాలని బడిలో కృపాకుమారి టీచరు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. వీడియో ఆపి, వజ్రం మీద బొటనవేలు అడ్డం పెట్టి చూసింది. చూసి, గట్టు వెంట పరుగెత్తింది.

"నాయనా, శెనక్కాయ యాడ కాస్తాది?"

"ఇదేం ప్రశ్నమ్మా. భూమిలో."

"ఈడ కొమ్మకు కాసినాయి సూడు."

హనుమంతప్ప ఫోను కళ్ల దగ్గర పెట్టుకున్నాడు. వజ్రం వెనుక ప్రతి మొక్కకూ, కొమ్మ కొమ్మకూ, చిక్కుడు కాయల్లా గుత్తులుగా వేరుశనగ కాయలు వేలాడుతున్నాయి! ఫోను చేయి చేయి మారింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఆ పంటే పండించినవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మనిషి లేకుండానే మనిషిని, చేను లేకుండానే చేనును సృష్టించిన ఆ ఏఐ యంత్రం ఎంత అద్భుతమో, దాని బూటకాన్ని పట్టేసిన పిల్ల కళ్లు అంతకన్నా అద్భుతమనిపించింది వాళ్లకు.

"డెబ్బై ఏండ్లుగా ఇదే పైరు ఏస్తాండా. నా కండ్లకు రాయి తప్ప ఏమీ కనపళ్లేదప్పా," అన్నాడు ముసలి పాపన్న, గడ్డపార కింద పెడుతూ.

మా చేనే అని రాసింది తానేనని అశ్విని ఏడుస్తూ ఒప్పుకుంది. జనం వెళ్లిపోయారు. జనం తొక్కిన పన్నెండు సాళ్లలో ఊడలు తెగిపోయాయి. మిగతా చేను నిలిచింది.

పంట కోతకొచ్చినప్పుడు కృపాకుమారి టీచరు హనుమంతప్పను బడికి పిలిచింది. చదువురాని ఆ రైతు పచ్చగా ఏపుగా ఉన్న వేరుశనగ మొక్కతో పిల్లల ముందు నిలబడ్డాడు. కాయలుంటాయా అని అడిగితే అందరూ ఉంటాయన్నారు. తిప్పి వేళ్లు చూపించాడు. ఒక్క కాయా లేదు. అది ఆ రోజు జనం తొక్కిన సాలులోది. పిల్లలు బిత్తరపోయారు.

"పైన పచ్చదనం చూసి ఏ రైతూ కోతకు పోడు. ఆడొకటి ఈడొకటి పీకి చూస్తాడు. శెనక్కాయకే అంత చూసేటోణ్ని, ఫోన్లో బొమ్మను మాత్రం చూడకుండానే నమ్మినా. మీరట్లా చేయాకండి. ఎంత ముచ్చటగా ఉండే బొమ్మనైనా, నమ్మేముందు, ఇంకొకరికి పంపేముందు, ఒక చెట్టు పీకి చూడండి."